పంపు కోసం పెట్టిన మంట

మంటలార్పే దళానికి కెప్టెన్ అయివుండి, మంట ఆర్పడానికి వచ్చినవాళ్లకు చేతులు చాచి అడ్డం నిలబడ్డ మహానుభావుడు ఈ భూప్రపంచంలో ఒక్కడే ఉంటాడు. వాడిని నేనే. నవ్వేవాళ్లు ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు.

అరవైల మొదట్లో మాట. నకిరేకల్‌కు కాస్త ఎడంగా మా ఊరు. సగం ఇళ్లు గడ్డికప్పులవే. ఎండాకాలం వచ్చిందంటే ఏదో ఒక గుడిసె బూడిదయ్యేది. అందుకే పడుచువాళ్లం ఒక దళం కట్టాము. ఖాకీ నిక్కర్లు తప్ప మాకు సామానంటూ ఏమీ లేదు. మా సర్పంచి రంగయ్య పటేలు పంచాయతీ సమితి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగితే, చేత్తో కొట్టి నీళ్లు చిమ్మే పంపొకటి, రబ్బరు గొట్టంతో సహా సర్కారు ఖర్చుతో ఇస్తామన్నారు. దాన్ని వాడటం మాకు వచ్చని అధికారి కళ్లారా చూడాలి. అదొక్కటే షరతు.

ఊరి చివర ఖాళీ జాగాలో జొన్నచొప్పతో ఉత్తుత్తి గుడిసె వేయించాను. అడిగినవాళ్లకు మేకల కోసమని చెప్పాను. "అచ్చం నిజం మంట లెక్కనే ఉండాలె. ఊర్లె ఎవ్వలకు చెప్పొద్దు" అని దళానికి ఆజ్ఞ వేశాను. ఆ తెలివికి ఇప్పటికీ నాకు నేనే దండం పెట్టుకుంటాను.

అధికారిగారు పటేలుతో కలిసి జీపులో పంపు వేసుకుని వచ్చారు. గంగాళం నిండా నీళ్లు పెట్టాము. నేను అగ్గిపుల్ల గీశాను. చొప్ప భగ్గుమంది.

"కొట్టవేమయ్యా పంపు?" అన్నారాయన.

"జర ఆగుండ్రి సార్. మంట మంచిగ లేవనియ్యుండ్రి, అప్పుడు చూడుండ్రి మా పని!"

ఇంతలో వాడకట్టు నుంచి కేక వినిపించింది. "అగ్గంటుకున్నదో! ఉరుకుండ్రి!"

మా దిక్కు ఆ కేక వింటే ఎవరిల్లని ఎవరూ అడగరు. ఇంట్లో ఉన్న నీళ్లు ఎత్తుకుని ఉరుకుతారు, అంతే. ఆ మనుషులను తలచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. ఆ రోజు మాత్రం వాళ్లు రాకపోతే బాగుండుననిపించింది. బిందెలతో ఆడవాళ్లంతా వస్తున్నారు, ముందు మా ఎల్లమ్మ చిన్నమ్మ.

నేను ఎదురురికి చేతులు చాచాను. "ఆర్పకుండ్రి! మీ కాల్మొక్త, మండనియ్యుండ్రి!"

"ఓరి నీ పాడుగాను! లోపట మేకలున్నయి కదరా!"

"మేకలు లెవ్వు చిన్నమ్మా! నేనే అంటువెట్టిన!"

"ఇన్నరా అందరు! ఈడే అంటువెట్టిండట! ఎండకు పోరని తల తిరిగింది!"

మొదటి బిందె నా నెత్తిన పడింది. మిగతావి గుడిసె మీద, అధికారిగారి ప్యాంటు మీద పడ్డాయి. నేను పంపు పిడి అందుకునేసరికి ఆర్పడానికి ఒక్క నిప్పురవ్వ కూడా మిగలలేదు.

సంగతి తెలిశాక ఆడవాళ్లు నన్ను చుట్టుముట్టారు. అవి ఎండల్లో దూరపు బావి నుంచి మోసుకొచ్చుకున్న తాగేనీళ్లు మరి! పటేలు చేతులు జోడించాడు. "సార్, ఇంకోపారి అంటువెడ్తం, జర చూసి పోండ్రి!"

"ఎట్ల అంటువెడ్తవో నేనూ జూస్త!" అంది చిన్నమ్మ, ఖాళీ బిందె పైకెత్తి.

అధికారిగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ పగలబడి నవ్వారు. "ఇంతమంది ఉన్న ఊరికి పంపెందుకయ్యా? ఇలాంటివాళ్లు లేని ఊరికి ఇస్తాను" అని దాన్ని మళ్లీ జీపులో పెట్టించారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎక్కబోతూ ఆయన చిన్నమ్మను అడిగారు. "ఊళ్లో మంటలు తగ్గాలంటే సర్కారు ఏం చెయ్యాలమ్మా?"

"ఏం జెయ్యొద్దు సారూ. గీ కెప్టెన్ను గూడ జీపుల ఏసుకపో. మంటలు గవ్వే తగ్గుతయి."

ఆ సాయంత్రం బావి నుంచి ఒక్కొక్క బిందే మోసి ఇంటింటికీ నింపుతూ నేను చేసిన భీషణ ప్రతిజ్ఞ ఇది: వాడకట్టంతా తిరిగి, గడపగడపకూ చెప్పి, చిన్నమ్మ సరేనంటే తప్ప ఈ జన్మలో బీడీ కూడా ముట్టించను.