సుధీర్ గారు మార్చి చెప్పిన సాక్ష్యం

అది 2023 వేసవి. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక క్లినిక్‌లో ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఎముక విరిగి ఆపరేషన్ అయినవాళ్లు, మోకాలు మార్పించుకున్నవాళ్లు మళ్లీ నడిచేదాకా మా దగ్గరికి వస్తుంటారు. ఈ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు ఎక్కువ. తెలుగు పేరు కనబడితే మా ఫ్రంట్ డెస్క్ అమ్మాయి నన్ను అడగకుండానే నా షెడ్యూల్‌లో వేసేస్తుంది. ఎస్తేరు గారు అలాగే వచ్చారు. ఇక్కడ పేర్లు మార్చాను. రాయవచ్చా అని అడిగితే, "మా ఆయన్ని కూడా అడిగాను, రాయమన్నారు" అని ఆవిడే చెప్పారు.

ఆవిడది గుంటూరు. యాభై దాటాయి. హాస్పిటల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. పెళ్లయి పాతికేళ్లయిన సందర్భంగా భార్యాభర్తలిద్దరూ పోర్చుగల్ వెళ్లారు. ఉత్తరాన డోరో నది లోయలో, మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలున్న కొండల మధ్య గైడ్ వెంట మోటార్‌సైకిల్ మీద తిరిగే టూర్ అది. మూడో రోజు బండి పడిపోయింది. వెనక కూర్చున్న ఎస్తేరు గారి ఎడమకాలు దాని కింద ఇరుక్కుంది. మేం దీన్ని టిబియల్ ప్లాటో ఫ్రాక్చర్ అంటాం. మోకాలి కీలుకు సరిగ్గా కింద, ఒంటి బరువంతా మోసే చోట ఎముక విరగడం. అక్కడే ప్లేటు, స్క్రూలు వేసి పంపారు. ఇక్కడ సర్జన్ చాలా వారాలు కాలు నేలకు ఆనించవద్దన్నారు. ఆనించవచ్చు అన్నాక నా దగ్గరికి పంపారు.

"ఎలా పడ్డారండీ?" అని మొదటి రోజు అడిగాను. దెబ్బ ఏ వైపు నుంచి తగిలిందో తెలిస్తే మాకు పని సులువు.

ఆవిడ మోకాలి వైపు చూస్తూ, "గొర్రెల మంద అడ్డొచ్చిందంట" అన్నారు.

ఆ 'అంట' నాకు వింతగా తోచింది. బండి మీద ఉన్న మనిషి విన్న సంగతి చెప్పినట్టు చెబుతున్నారేమిటి అనుకున్నాను. కానీ పేషెంటును మొదటి రోజే గుచ్చి గుచ్చి అడగడం నా పద్ధతి కాదు.

ఎస్తేరు గారు మంచి పేషెంటు. మడమను బల్ల మీద జరుపుతూ మోకాలు వంచే హీల్ స్లైడ్స్ చేసేటప్పుడు నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగేవి, అయినా ఆపేవారు కాదు. అలాంటి మనిషికి ఇంట్లో మాత్రం ఏమీ ముందుకు సాగడం లేదు. పడకగది మేడమీద ఉంది. పోర్చుగల్ నుంచి వచ్చినప్పటి నుంచి ఆవిడ కింద హాల్లో సోఫా మీదే పడుకుంటున్నారు. మెట్లు ఎక్కడానికి పక్కన ఒక మనిషి తోడుండాలి. పిల్లలిద్దరూ వేరే రాష్ట్రాల్లో చదువుకుంటున్నారు. ఉన్నది భర్త ఒక్కడే.

ఆ భర్త, సుధీర్ గారు, ప్రతిసారీ ఆవిడను దింపి, వీల్‌చెయిర్ లోపలిదాకా తోసి, వెంటనే వెళ్లి పార్కింగ్‌లో కార్లో కూర్చునేవారు. ఎండ మండిపోతున్నా అక్కడే. "మీ వారిని ఒకసారి రమ్మనండి, మెట్ల దగ్గర ఎలా పట్టుకోవాలో నేర్పిస్తాను" అని రెండు మూడుసార్లు అన్నాను.

"ఆయన రారండి."

"పని ఉంటుందా?"

"పనేం లేదు. సిగ్గు."

ఆ రోజు ఆవిడ అసలు సంగతి చెప్పారు. ఆ ఉదయం గైడ్ అందరినీ నిలబెట్టి, కొండ మీది ఊరి నుంచి దిగే రాళ్ల దారి ఒంటరిగా నడిపేవాళ్లకేనని, వెనక మనిషి ఉన్నవాళ్లు నది పక్క రోడ్డునే రావాలని చెప్పాడు. సుధీర్ గారు చెయ్యెత్తి, తనకు వెనక మనిషిని కూర్చోబెట్టుకుని కొండల్లో నడిపిన అనుభవం ఏళ్ల తరబడి ఉందన్నారు. నిజానికి ఆ వసంతంలోనే ఆయన ఇక్కడ బండి నడిపే కోర్సు చేసి లైసెన్సు తెచ్చుకున్నారు. వెనక ఎవరినీ కూర్చోబెట్టుకుని నడిపిందే లేదు. జట్టులో ఆయన ఆఫీసు స్నేహితులు ఇద్దరున్నారు. వాళ్ల ముందు నది రోడ్డున పోవడం ఆయనకు నామోషీ అనిపించింది. చెస్ట్‌నట్ చెట్ల మధ్య వాలుగా ఉన్న మలుపులో కంకర మీద ముందు చక్రం బ్రేకు గట్టిగా నొక్కారు. చక్రం జారింది. అక్కడ గొర్రెలూ లేవు, మనుషులూ లేరు.

"ఆస్పత్రిలోనే నా చెయ్యి పట్టుకుని ఏడ్చారండి. క్షమించమన్నారు. క్షమించాను కూడా. పడటం ఎవరికైనా జరుగుద్ది. ఇంటికొచ్చాక ఏం చేశారో తెలుసా?"

వాళ్లు వెళ్లే తెలుగు చర్చిలో ఆరాధన తరవాత సాక్ష్యం చెప్పడం అనే వాడుక ఉంది. దేవుడు తమకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెబుతారు. వచ్చిన తొలి ఆదివారమే సుధీర్ గారు లేచి, మలుపు తిరగగానే మంద అడ్డొచ్చిందని, ఆ మూగజీవాలను కాపాడబోయి బండి తిప్పానని, దేవుడే తమ ఇద్దరి ప్రాణాలూ నిలబెట్టాడని చెప్పారు. అందరూ హల్లెలూయా అన్నారు. ఎస్తేరు గారు కాలు చాపుకుని ముందు వరసలో కూర్చుని విన్నారు. ఆ తరవాత ఇంటికి అన్నం, కూరలు తెచ్చిన ప్రతివారూ గొర్రెల గురించే అడిగారు.

"నేను సండే స్కూల్లో చిన్నపిల్లలకి చెప్తానండి. ఒక పాప వచ్చి, 'ఆంటీ, గొర్రెలకి ఏం కాలేదు కదా? ఆర్ దే ఓకే?' అంది. ఏం చెప్పను? ఏం కాలేదమ్మా అన్నాను. అబద్ధం ఆడకూడదని దానికి నేర్పేది నేనే. ఆ రోజు నుంచి క్లాసుకి పోవట్లా. కాలు నొప్పి అని చెప్తున్నా."

విరిగింది ఆవిడ ఎముక, అబద్ధం ఆయనది, సిగ్గు ఇద్దరిదీ. అది తీర్చడం నా పని కాదు. అయితే ఆవిడ లీవు అయిపోవస్తోంది, మెట్లు ఎక్కడం రాలేదు. అది మాత్రం నా పని. లేచి పార్కింగ్‌లోకి వెళ్లాను.

సుధీర్ గారు అద్దం దించారు. పెద్ద మనిషి, చొక్కా తడిసిపోయి ఉంది.

"ఏమైందండీ? పడిందా?" అన్నారు గాభరాగా.

"లేదండీ. మెట్ల దగ్గర మీరు కావాలి. నేను మీ ఇంటికి రాలేను కదా."

"మీరు చేయించండి మేడమ్. ఆ కాలు చూడలేను."

"ఆవిడ రోజూ చూసుకుంటున్నారు కదండీ."

ఆయన దిగి నా వెనకే వచ్చారు.

క్లినిక్‌లో ప్రాక్టీసు కోసం చెక్క మెట్లు ఉంటాయి. ఎస్తేరు గారి నడుముకు గెయిట్ బెల్ట్ కట్టాను. పేషెంటు తూలితే పట్టుకోవడానికి వీలుగా ఉండే వెడల్పాటి పటకా అది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. దిగేటప్పుడు తోడున్న మనిషి ఒక మెట్టు కింద నిలబడాలి. ఇదంతా చెప్పి, ఆయన చేత బెల్ట్ పట్టించాను. ఇద్దరూ పైకి ఎక్కారు. దిగేటప్పుడు ఎస్తేరు గారి మోకాలు ఒక్కసారి పట్టు తప్పింది. నేను అందుకునేలోపే ఆయన తన భుజం అడ్డం పెట్టి ఆవిడను నిలబెట్టారు. పడలేదు. ఆవిడ ఊపిరి తీసుకునేలోగా ఆయన ఏడుపు మొదలుపెట్టారు.

"గొర్రెలు లేవండీ" అన్నారు నా వైపు తిరిగి. "మేడమ్, అక్కడ ఏ గొర్రెలూ లేవు. నేనే..."

"ఆవిడకెందుకు చెప్తారు?" అన్నారు ఎస్తేరు గారు. గొంతు పెంచలేదు. "నాకూ చెప్పక్కర్లేదు, నేను అక్కడే ఉన్నాను. ఎక్కడ చెప్పారో అక్కడ చెప్పండి."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. బెల్ట్ మాత్రం వదల్లేదు. "ఇంకోసారి దిగుదామా?" అని నేనే అన్నాను.

ఆ వారమే ఆవిడ మేడమీది తన గదికి వెళ్లి పడుకున్నారు. ఆయన కార్లో కూర్చోవడం మానేశారు. లోపలికొచ్చి, ఏ వ్యాయామం ఎందుకో అడిగి తెలుసుకునేవారు. చర్చి సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఆకులు రంగు మారే రోజుల్లో ఎస్తేరు గారు చేతికర్ర లేకుండా నడిచారు. ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం, మీరు తప్పక రావాలని పిలిచారు. నేను చర్చికి వెళ్లేదాన్ని కాదు. అయినా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. సాక్ష్యాల సమయంలో సుధీర్ గారు లేచారు. కోటు గుండీ పెట్టుకోబోయి కుదరక వదిలేశారు.

"సహోదరులారా, ప్రభువు నామంలో వందనాలు. ఇంతకుముందు ఇక్కడే నిలబడి ఒక సాక్ష్యం చెప్పాను. అది అబద్ధం. గొర్రెలు రాలేదు. పోవద్దన్న దారిలో, రాని పని వచ్చని చెప్పి, నా భార్యను ఎక్కించుకుని పోయాను. నా గొప్ప కోసం ఆమె కాలు విరగ్గొట్టాను. ఆ తరవాత దేవుడి పేరు చెప్పి నా తప్పు దాచుకున్నాను. ఆమె చేత కూడా దాయించాను. చిన్నపిల్లల ముందు కూడా. నాకు మీ ముఖాలు చూడాలంటే సిగ్గుగా ఉంది."

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టర్ గారు కూడా ఓదార్పు మాట చెప్పడానికి తొందరపడలేదు. నాకు నేల వైపు చూడాలనిపించింది. ఒక మనిషి అంతమంది ముందు చిన్నవాడైపోవడం చూస్తుంటే మన తప్పేమీ లేకపోయినా మన చెవులే వేడెక్కుతాయి.

భోజనాల దగ్గర ఆయనతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఒకాయన మాత్రం దగ్గరికొచ్చి, "ఎందుకు బ్రదర్ ఇదంతా? బానే ఉందిగా ఆ మాట, ఎవురికి నష్టం?" అన్నాడు. సుధీర్ గారు అక్కడి నుంచి వెళ్లి బిర్యానీ ప్లేటుతో చివరి బల్ల దగ్గర ఒక్కరే కూర్చున్నారు. ఎస్తేరు గారు తన ప్లేటు తానే పట్టుకుని, కొంచెం కుంటుతూ హాలు ఆ చివరిదాకా నడిచి, ఆయన పక్కన కూర్చున్నారు. "పెరుగుపచ్చడి వేసుకోలేదేం?" అని తన ప్లేట్లోది సగం ఆయనకు వేశారు. మరుసటి ఆదివారం నుంచి పిల్లల క్లాసుకి వెళ్లడం మొదలుపెట్టారు.

ఆ మోకాలు పూర్తిగా వంగే స్థితికి ఎప్పటికీ రాలేదు. కింద కూర్చోలేరు. ల్యాబ్‌లో ఎత్తు స్టూలు వేయించుకుని ఉద్యోగం చేస్తున్నారు. వైద్యపరంగా ఇది మామూలు ఫలితమే. కానీ ఈ కేసు తరవాత నా పద్ధతి ఒకటి మారింది. ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి అని అడిగాక, ఇంట్లో ఎవరున్నారు, వాళ్లు దీని గురించి ఏమంటున్నారు అని కూడా అడుగుతున్నాను. పేషెంటు చెప్పే జవాబులో కొంచెం తేడా వినబడినా ఆ ఇంటి మనిషిని లోపలికి పిలుస్తున్నాను. గాయపడినవాళ్లకు మన జాలి ఎంతో కొంత పనికొస్తుంది. తమకు జరిగింది జరిగినట్టుగా నలుగురిలో చెప్పే మనిషి దొరికితే మాత్రం, వాళ్లు మళ్లీ తల ఎత్తుకుని నడుస్తారు.