బావకు ఇచ్చిన సైకిలు

పోయిన నెలలో బంధువుల గృహప్రవేశానికని సండూరుకు పోతూ ఉంటే, కొండ మలుపు దగ్గర మా అబ్బాయి కారు పక్కకు తీసి ఆపాడు. ఏడెనిమిది మంది పడుచువాళ్లు, తలకు హెల్మెట్లు, మోకాళ్లకు తొడుగులు కట్టుకుని, లావు టైర్ల సైకిళ్ల మీద కొండ దిగడానికి సిద్ధమవుతున్నారు. వాళ్లలో పెద్దదిలా ఉన్న అమ్మాయి ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, బ్రేకు పట్టమని చెప్పి, సైకిలును ముందుకు తోసి చూసి గానీ వదలడం లేదు. మా అబ్బాయి ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటున్నాడు. నాకు మాత్రం ఆ ఎర్రమట్టి దారిని చూడబుద్ధి కాలేదు. మంచినీళ్లు కావాలా నాన్నా అని వాడు అడిగినప్పుడు గాని, నా ముఖం ఎలా ఉందో నాకు తెలియలేదు.

నాకు ఇరవై ఏళ్లు ఉన్నప్పుడు నేనూ ఆ కొండ దిగాను. అప్పుడు నేను బళ్లారి బజారులో మా మేనమామ బట్టల అంగడిలో పని నేర్చుకుంటున్నాను. మామ కొడుకు, అంటే మా బావ, నాకంటే ఏడాదే పెద్ద. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని పెరిగిన వాళ్లం. మాకు సండూరు దగ్గరి చోరనూరు నుంచి వచ్చి మాతో చదువుకున్న ఒక స్నేహితుడు ఉండేవాడు. కొండ పైనుంచి సైకిలు వదిలితే తొక్కే పని లేకుండా గాలిలో తేలినట్టు కిందికి రావచ్చని ఊరించింది అతడే. అంగడికి సెలవైన ఒకనాడు, పెళ్లికి పోతున్నామని మామకు అబద్ధం చెప్పి, సైకిళ్లను బస్సు టాపు మీద కట్టించి సండూరులో దిగాం. స్టాండు పక్కన బొరుగుల ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు కడుపునిండా తిని, ఎండ ఎక్కకముందే సైకిళ్లు తోసుకుంటూ కొండ ఎక్కడం మొదలుపెట్టాం. వానలు పడి వెళ్లిన కాలం, కొండంతా పచ్చగా ఉంది, గనుల లారీలు పోయిన చోట మాత్రం ఆకుల మీద కూడా ఎర్రటి దుమ్ము.

ఎక్కేటప్పుడు ఒకచోట నిలబడి చూసుకుంటే, నా సైకిలు బ్రేకు రబ్బర్లు అరిగిపోయి లోపలి ఇనుము బయటపడి ఉంది. గట్టిగా పట్టినా చక్రం జారిపోతూనే ఉంది. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే, నడిచి దిగుదామనే అనేవాళ్లు, నన్ను పిరికివాడని ఒకరోజు నవ్వేవాళ్లు, అంతే. నేను చెప్పలేదు. పైకి చేరాక, నడుము నొస్తోంది, నీ సీటు మెత్తగా ఉంది, సైకిలు మార్చుకుందాం బావా అన్నాను. ఎందుకని కూడా అడగకుండా మా బావ దిగి, తన సైకిలు నా చేతికిచ్చాడు.

ఆ దిగుడు గురించి ఏమని చెప్పను? మొదటి రెండు మలుపుల దాకా అంత సంతోషం నా జన్మలో లేదు. చొక్కాలు గాలికి ఉబ్బిపోతున్నాయి, కళ్లలో నీళ్లు కారుతున్నాయి, ముందు పోతున్న చోరనూరు స్నేహితుడు కేకలు పెడుతుంటే కొండ తిరిగి కేకలు పెడుతోంది. మూడో మలుపు దగ్గర మా బావ నన్ను దాటిపోయాడు. అతని రెండు చేతులూ బ్రేకులను బిగించి పట్టి ఉండడం నేను చూశాను. ఆ వేళ్లు తెల్లబడి ఉన్నాయి. కాళ్లు నేలకు ఆనించబోయి, అదుపు తప్పి, రాళ్ల మీద పడ్డాడు. నేను పోయేసరికి కుడి మోచెయ్యి తిరగకూడని వైపుకు తిరిగి ఉంది.

గని లారీవాళ్లు ఆగి, మా ముగ్గురినీ సైకిళ్లతో సహా బళ్లారికి చేర్చారు. ఆసుపత్రిలో మామ అడిగితే మా బావ ఒకే మాట చెప్పాడు, బ్రేకు పట్టినా నిలబడలేదని. ఆ మాట విన్నప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నాను.

మరుసటి రోజు తెల్లవారగానే, వంకర పోయిన హ్యాండిలు సరిచేయించే నెపంతో నా సైకిలు తీసుకుపోయి బ్రేకు రబ్బర్లు మార్పించాను. కొత్తవని కనబడకుండా వాటికి మట్టి రుద్దాను. సైకిలు మార్చుకోవడం వరకు భయమని సర్దిచెప్పుకోవచ్చు. ఆ మట్టి రుద్దిన వేళ్లకు ఏం చెప్పుకోను?

రెండు రోజులకు మామ వచ్చి, ఆ సైకిలు తోసి బ్రేకు పట్టి చూశాడు. చక్రం ఉన్నచోటనే నిలబడింది. మామకు కోపం వస్తే నోట కన్నడం వచ్చేది. చెయ్యి కట్టుతో ఇంటికొచ్చిన కొడుకు ముందర నిలబడి, "చేసిన తప్పు చాలదని సుళ్లు గూడ చెప్తాండావా?" అన్నాడు. అబద్ధాలాడుతున్నావా అని. మా బావ నావైపు చూశాడు, సాక్ష్యం చెబుతానని కాబోలు. నేను నేల చూపులు చూశాను.

ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాపడానికి రాలేదు. అంగడిలో బట్ట పరిచి చూపించేవాడికి రెండు చేతులూ సమంగా చాపడం రావాలి. అయినా మామ అతన్ని దూరం పెట్టింది చేతి మూలంగా కాదు. మా వాడికి నిదానం లేదు, నిజం లేదు అని అంగడికి వచ్చిన ప్రతి పెద్దమనిషితోనూ చెప్పేవాడు. సరుకు ఎంచి తేవడానికి దావణగెరెకు నన్ను పంపేవాడు. చూసి నేర్చుకోమని కొడుక్కు నన్నే చూపించేవాడు. కొన్నేళ్లకు మా బావ అంగడి వదిలి, కప్పగల్లులో ఉన్న కొద్దిపాటి పొలం చూసుకుంటానని వెళ్లిపోయాడు. మామ పోయేనాటికి ఆయన తలాపున ఉన్నది నేను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

సండూరు నుంచి తిరిగొచ్చిన వారానికి ఆటో ఎక్కి కప్పగల్లుకు పోయాను. మా బావ అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. పక్కన కూర్చుని, రబ్బర్లు, సీటు, మట్టి, ఏదీ దాచకుండా చెప్పాను. చేతిలోని కాయను ఒలవకుండానే చాటలో వేశాడు.

"అయితే ఆ పొద్దు నేను బ్రేకు పట్టినాననే కదప్పా," అన్నాడు. "నాయన అట్లన్యాక, పట్టినానో లేదోనని నాకే అనుమానమొచ్చింది. ఇన్నేండ్లూ కండ్లు మూసుకుని చేతులు యాడుండాయా అని ఎతుక్కుంటాండా."

చాట పక్కకు జరిపి, "నాయన ఉన్నెప్పుడు చెప్పింటే బాగుండు," అని లేచి లోపలికి పోయాడు. తిట్టలేదు. భోంచేసి పొమ్మని కూడా అనలేదు. ఆ ఇంట్లో నేను ఆ మాట వినకుండా వచ్చింది అదే మొదటిసారి.

మా అంగడి మూసిన చాన్నాళ్లకు, నిన్న పొద్దున బళ్లారి బజారుకు పోయాను. మామ మాటను ఊరంతా మోసిన పెద్దమనుషుల్లో ఒక్కరికైనా చెప్పాలని. అంగళ్లన్నీ అద్దాల తలుపులైపోయాయి. బయట కూర్చునే అరుగులు లేవు, కూర్చుని మాట్లాడే తీరిక ఉన్నవాళ్లూ లేరు. గల్లాల దగ్గర ఉన్నవాళ్లు మనవలు, వాళ్లకు మా మామ పేరు కూడా తెలియదు. ఒకప్పుడు ఈ బజారులో ఒక మనిషి మాట పోగొట్టాలంటే అరపూట చాలేది. మా బావ మాట తిరిగి ఇప్పిద్దామని నేను వచ్చేసరికి, ఇచ్చే బజారే లేకుండా పోయింది.