సమాధుల మీద నుంచి ఏరుకొచ్చిన కొవ్వొత్తులు

ముందే ఒక మాట. దుకాణంలో కూర్చున్నప్పుడు నేను వేసే ఒట్లు మీరు నమ్మకండి. "రంగు పోతే తెచ్చి నా మొహాన కొట్టు" అంటాను. పోతుంది. తెస్తారు. నవ్వేస్తాను. కానీ ఇప్పుడు చెప్పబోయేది దుకాణం మాట కాదు. మా అమ్మ మెడలోని జపమాల పట్టుకుని చెబుతున్నా... ఇది జరిగింది. నాకే జరిగింది. గద్వాలలో, మా ఇంట్లో, పోయినేడు సమాధుల పండుగ రాత్రి.

నా పేరు జోజమ్మ. మా నాన్న స్టీలు సామాన్ల దుకాణం నడిపేవాడు. గిన్నెల చప్పుళ్ల మధ్యే పెరిగాను. ఇప్పుడు నాకూ ఇంటి ముందు గదిలో చిన్న దుకాణం ఉంది. గాజులు, రిబ్బన్లు, జాకెట్ ముక్కలు, సబ్బులు, కొవ్వొత్తులు. బేరం నాకు జబ్బు. కూరగాయలామె దగ్గర కరివేపాకు ఊరికే వేయించుకుంటాను, కొత్తిమీర కూడా వేయమంటాను, ఆ తర్వాత సంచి అడుగుతాను. పాపసంకీర్తనంలో ఫాదరుగారు ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పుకోమంటే "రెండు చాలవా ఫాదర్?" అన్న మనిషిని. ఆయన ఐదు చేశారు.

సమాధుల పండుగ నవంబరు మొదట్లో వస్తుంది. ఆ రోజు మా వాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, బంతిపూలు పెట్టి, పొద్దు గూకేటప్పుడు కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఫాదరుగారు వచ్చి తీర్థం నీళ్లు చల్లి ప్రార్థన చేస్తారు. ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మలకు, అంటే ఇంకా మోక్షానికి చేరక ఎదురుచూస్తున్న వాళ్లకు, ఆ కాస్త వెలుగే ఊరట అని మా అమ్మ లూర్దమ్మ నమ్మకం.

పోయినేడు అమ్మ రాలేకపోయింది. అప్పటికే ఆయాసంతో మంచం పట్టి నాలుగు నెలలు. దవాఖానలో ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను బయల్దేరుతుంటే చేయి పట్టుకుంది.

"గోడ పక్క సమాధి మరువకు బిడ్డా."

"మరువనమ్మా."

"మొదటి మోంబత్తి ఆమెకే. నాయినకు కూడ తర్వాతనే."

మా సమాధుల తోటలో ప్రహరీ గోడను ఆనుకుని ఒక మట్టి దిబ్బ ఉంది. పేరు లేదు, సిలువ విరిగిపోయింది. ఎవరిదో ఎవరికీ తెలియదు. అమ్మ మాత్రం 'ఆమె' అంటుంది. ఆమె అని నీకెలా తెలుసని ఎన్నిసార్లు అడిగినా మాట మార్చేస్తుంది.

మొదటిది అక్కడే వెలిగించాను. తర్వాత నాన్నకు. ప్రార్థన సగంలో ఉండగానే గాలి లేచింది. ఆ వెంటనే చినుకులు. జనం కొంగులు నెత్తిన వేసుకుని పరుగు. రెండు నిమిషాల్లో తోట ఖాళీ. మా ఆయన అంతోని గేటు బయట ఆటో స్టార్ట్ చేసి హారన్ కొడుతున్నాడు.

నేను కదల్లేదు.

కొవ్వొత్తులన్నీ ఆరిపోయాయి. ఒక్కొక్కటి రెండు వేళ్లంత కూడా కాలలేదు. లావుపాటివి. మంచి సరుకు. తెల్లారితే వానకు తడిసి, మేకలు తొక్కి మట్టిపాలు. నా చేయి ఊరుకుంటుందా? 'ఆర్పింది గాలి, నేను కాదు' అనుకున్నాను. 'పెట్టింది దేవుడికి చేరింది, మిగిలింది మైనమే' అని కూడా అనుకున్నాను. నాన్న సమాధి మీదిది తీశాను. పక్క వాళ్లవీ తీశాను... నిజం చెప్పాలి కదా. తీస్తూ అలవాటు కొద్దీ పైకే లెక్కపెట్టాను. గింజలు కొలిచేటప్పుడు మా దుకాణాల్లో ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు... గేటు వైపు వస్తూ చివరగా గోడ పక్కది. తొమ్మిది.

ఇంటికొచ్చి అన్నీ ఒక స్టీలు టిఫిన్ డబ్బాలో పేర్చాను. మళ్లీ పైకే లెక్కపెట్టాను. తొమ్మిదే. వంటింటి అలమరలో పెట్టాను.

"గోడ పక్క పెట్టినవా?" అని అడిగింది అమ్మ.

"పెట్టిన."

అబద్ధం కాదు. పెట్టాను. తిరిగి తెచ్చావా అని ఆమె అడగలేదు.

ఆ రాత్రి వాన పెద్దదైంది. ఒంటిగంట దాటాక కరెంటు పోయింది. అమ్మకు చీకటంటే ఊపిరాడదు. దుకాణంలో కొత్త కొవ్వొత్తులు పెట్టెల కొద్దీ ఉన్నాయి. కొత్త ప్యాకెట్ విప్పడమెందుకని వంటింట్లోకి తడుముకుంటూ పోయాను. డబ్బాలో పైనున్నది తీసుకొచ్చి వెలిగించి, ఒక పళ్లెంలో నిలబెట్టి, అమ్మ మంచం పక్క స్టూలు మీద పెట్టాను. పక్క గదిలో అంతోని గురక.

కూర్చున్నాను.

కిటికీ రెక్క ఒకటి సరిగా పడదు. గాలి దూసుకొస్తోంది. పరదా లేచి నా మొహానికి తగులుతోంది... పోతోంది... మళ్లీ తగులుతోంది. తడి మట్టి వాసన. బంతిపూల వాసన. ఇంట్లో బంతిపూలు లేవు.

అప్పుడు చూశాను.

పరదా ఊగుతోంది. కొవ్వొత్తి వెలుగు ఊగడం లేదు. గీసిన బొమ్మలా... నిటారుగా... నిలబడి ఉంది.

ఊపిరి బిగబట్టాను.

వంటింట్లోంచి... టక్.

ఆగింది.

టక్... టక్.

స్టీలు చప్పుళ్లు నాకు తెలుసు. అందులోనే పెరిగాను. ఎలుకైతే గీరుతుంది. బల్లి పడితే మెత్తగా ఉంటుంది. గిన్నె చల్లారితే ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది. ఇది వేలి కణుపు చప్పుడు. తలుపు దగ్గర నిలబడి, పిలవడానికి మొహమాటపడే మనిషి కొట్టే చప్పుడు.

అమ్మ కళ్లు తెరిచింది. నన్ను చూడలేదు. గుమ్మం వైపు చూసింది.

"గింతమంది వచ్చిండ్రేందే?"

"ఎవ్వరు రాలేదమ్మా. పండుకో."

"నిలవడ్డరు కద. కూసోమను." వేలు లేపింది. "లాభం... రెండు... మూడు..."

ఒక్కొక్కరి మీదా ఆగుతూ పోయింది వేలు. గుమ్మం... గోడ... బీరువా... ఎనిమిది దగ్గర బీరువా పక్కన. తొమ్మిది అన్నప్పుడు... మంచం కాళ్ల దగ్గర. నేను కూర్చున్నది అక్కడే. నా భుజం పక్కన.

"గీమె మస్తు తడిసింది. తువ్వాల ఇయ్యరాదే."

నా వీపంతా చల్లబడింది. తిరిగి చూడలేదు. చూడలేకపోయాను.

నేను ఇంట్లో లెక్కపెడుతున్నప్పుడు అమ్మ విందేమో. వినే ఉంటుంది. వంటిల్లు ఎంత దూరం గనుక? ఇప్పటికీ నాకు నేను అదే చెప్పుకుంటాను. ఆ క్షణంలో మాత్రం అదేదీ తోచలేదు. అరలోంచి తీర్థం నీళ్ల సీసా తీసి, సిలువ గుర్తు వేసుకుని, గదంతా చల్లడం మొదలుపెట్టాను. మంగళవార్త జపం సగంలో మరిచిపోయాను. చిన్నప్పటి నుంచి చెబుతున్న జపం!

"వాళ్ల మీద గట్ల చల్లకు," అంది అమ్మ. "దయ్యాలనుకుంటున్నవా? పాపం, అడగనీకి వచ్చిండ్రు."

"ఏం... ఏం అడుగుతుండ్రమ్మా?"

అమ్మకు ఆయాసం ఎక్కువైంది. లోపలికి పోయిన ఊపిరి బయటికి రావడానికి ఆలస్యం చేస్తోంది. చాలా ఆలస్యం. జపమాల గుండెకు అదుముకుని మంచం కింది ట్రంకు వైపు చూపించింది.

"నా మోంబత్తి తీయ్."

ఫిబ్రవరిలో వచ్చే మా దీపాల పండుగ నాడు గుడిలో ఫాదరుగారు మంత్రించిన కొవ్వొత్తి అది. తెల్లగుడ్డలో చుట్టి దాచుకుంది. మాలో ప్రాణం పోయేటప్పుడు దాన్ని వెలిగించి చేతిలో పెడతారు, చీకట్లో పోకుండా. అది తీస్తే... సరే పోయిరా అన్నట్టే.

"తియ్యను," అన్నాను.

"తీయవే."

"తియ్యనమ్మా! ఇయ్యాల గాదు."

అప్పుడు నేనేం చేశానో చెబితే నవ్వుతారు. నవ్వండి. ఎవరూ కనిపించని గుమ్మం వైపు తిరిగి, చేతులు జోడించి, బేరం మొదలుపెట్టాను.

"తప్పయింది. ఎవరివి వాళ్లకు తెచ్చిస్త. ఇప్పుడే తెచ్చిస్త. మీద ఇంకో కొత్త ప్యాకెట్ గూడ వెడుత. మా అమ్మను తీస్కపోకుండ్రి. ఈసారికి ఇడిచిపెట్టుండ్రి..."

టక్.

ఒక్కటే. తర్వాత ఏమీ లేదు. మా దుకాణాల్లో బేరం కుదిరితే బల్ల మీద ఇలాగే ఒక్కసారి కొడతారు.

అంతోనిని లేపాను.

"సమాధుల తోటకు పోవాలె. లేయ్యా!"

"గీ రాత్రా? ఎందుకు?"

"మోంబత్తులు వాపస్ ఇయ్యాలె."

చీకట్లో నా మొహం వెతుక్కున్నాడు. "నీకేమన్న దిమాక్ ఉందా? సమాధుల మీదియి ఏరుకొచ్చినవా? థూ నీ బేరం పాడుగాను! సచ్చినోళ్లను గూడ ఇడిచిపెట్టవా?"

తిడుతూనే ఆటో తీశాడు. పక్కింటి ఖాజాబీని పిలిచాను. పెద్ద మనిషి, నమాజుకు ఎలాగూ తెల్లవారుజామునే లేస్తుంది. కొంగు సర్దుకుని అమ్మ పక్కన కూర్చుంది.

"పోయిరా బేటీ. నేను కన్ను గూడ మూయ. నీ అమ్మ నా అమ్మ కాదా?"

వాన తగ్గింది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. దుకాణంలోంచి కొత్త ప్యాకెట్ కూడా. దారంతా డబ్బా మూత నా చేతుల కింద... చల్లగా. గుంతల్లో ఆటో ఎగిరింది. మూత చప్పుడు చేయలేదు.

గేటు దగ్గర అంతోని హెడ్‌లైటు లోపలికి వేశాడు. దిగమంటే దిగలేదు. "నేను లైటు చూపిస్త, నువ్వు పో" అన్నాడు. ఎంత ధైర్యవంతుడో చూడండి.

బురద. చెప్పులు ఊడిపోతున్నాయి. ఏ కొవ్వొత్తి ఏ సమాధిదో గుర్తు లేదు. లావును బట్టి, పొడుగును బట్టి పెడుతూ పోయాను. పెట్టిన ప్రతి చోటా క్షమించమన్నాను. తడి అగ్గిపెట్టె. అయినా ఒక్కొక్కటీ అంటుకుంది. ఎనిమిది వెలిగాయి. డబ్బా ఖాళీ.

ఎనిమిదా?

అప్పుడు వెలిగింది నా బుర్రలో. తొమ్మిదోది ఇంట్లో ఉంది. అమ్మ పక్కన వెలుగుతోంది. చివర తీసింది, డబ్బాలో పైనున్నది... గోడ పక్కది.

కొత్త ప్యాకెట్ చింపి ఒకటి పట్టుకుని గోడ దగ్గరికి పోయాను. గేటు పక్కకున్న ఆ మూలకు హెడ్‌లైటు పడదు. వంగి, కొవ్వొత్తి నిలబెట్టడానికి విరిగిన సిలువ ముందు చోటు తడిమాను.

మెత్తగా తగిలింది. మైనం.

సాయంత్రం నేను వెలిగించినప్పుడు కారిన మైనమే అయ్యుండాలి. కానీ రాత్రంతా వాన. గాలి. నా వేలు దాంట్లోకి దిగింది.

వెచ్చగా ఉంది.

అలాగే కూర్చుండిపోయాను. వేలు తీయాలని తోచలేదు. నా వెనక ఎనిమిది వెలుగులు... గాలికి ఊగుతూ. అంతోని హారన్ కొడితే ఉలిక్కిపడి, కొత్తది వెలిగించి, తిరిగి చూడకుండా వచ్చేశాను.

ఇంట్లో అడుగు పెట్టేసరికి కరెంటు వచ్చింది. అమ్మ నిద్రపోతోంది. ఊపిరి ఒక లెక్కలో ఆడుతోంది. స్టూలు మీద పళ్లెం ఉంది. పళ్లెం మధ్యలో గుండ్రంగా మైనం మచ్చ.

కొవ్వొత్తి లేదు.

"మోంబత్తి ఏది ఖాజాబీ?"

ఆమె నన్ను వింతగా చూసింది. "నువ్వే తీస్కపోయినవ్ కద బేటీ?"

"నేనా? నేను పోంగ ఎలుగుతుండె!"

"నేను కూసున్నంక దీపమే లేదమ్మా. చీకట్లనే తస్బీ పూసలు తిప్పుకుంట కూసున్న."

మంచం కింద వెతికాను. బీరువా వెనక వెతికాను. అంతోని తేల్చేశాడు. "ఎలుక ఎత్కపోయుంటది. ఎలుకలు మోంబత్తులు తినవా?" తింటాయి. మా దుకాణంలో తిన్నాయి కూడా. వెలుగుతున్నది ఎత్తుకుపోయిన ఎలుకను మాత్రం నేను ఎరుగను. మైనం వెచ్చదనం నా చేతి వేడే అన్నాడు. అయ్యుండొచ్చు. జ్వరం వచ్చినట్టే ఉంది అప్పుడు నాకు.

పొద్దున అమ్మ చాయ్ అడిగింది. రాత్రి ఎవరొచ్చారని మెల్లగా అడిగాను.

"ఎవరొస్తరే? నాకేం తెల్వదు. మంచిగ నిద్ర వట్టింది."

ఆ తర్వాత ఫాదరుగారికి అంతా చెప్పుకున్నాను. ఆయన నవ్వలేదు. ఆ గోడ పక్క ఆత్మ కోసం ఒక పూజ పెట్టించమన్నారు. పేరు ఏమని చెప్పమంటారని అడిగితే, దేవుడికి తెలుసులే అన్నారు. పెట్టించాను. ఈసారి ఫాదరుగారితో బేరమాడలేదు.

దవాఖాన వాళ్లు వారాలన్నారు. అమ్మ ఏడాది ఉంది. ఇంకా ఉంది, అదే మంచం మీద. రేపే సమాధుల పండుగ. ఇందాక గాజులు సర్దుతుంటే లోపలి నుంచి పిలిచింది.

"మోంబత్తులు తీసి పెట్టినవా?"

"తొమ్మిది తీసిన అమ్మా. ఎవరివి వాళ్లకు."

జపమాల పూసలు జరిగే చప్పుడు.

"పది తీయ్."

దుకాణంలోకి పోయి కొత్త ప్యాకెట్ విప్పి పది తీశాను. 'ఈసారికి ఇడిచిపెట్టుండ్రి' అని నేనే అన్నాను కదా ఆ రాత్రి... నా నోటితో నేనే. పదోది ఎవరికమ్మా అని అడగలేదు.

అడిగితే చెబుతుందేమో.