మామిడి సొన తిన్న వేళ్లు

ఏటా హైదరాబాదు బజారులో కొనే చిన్నరసాలు ఈసారి తోటలోనే తినాలనిపించి, జూన్ మొదటి వారంలో నూజివీడు వెళ్లాను. విజయవాడలో ఉదయం ఆరింటికి బస్సెక్కితే ఏడున్నర దాటాక దిగాను. విస్సన్నపేట రోడ్డులో తోటలు చూపించి తిరిగి బస్టాండులో దింపడానికి ఆటో శ్రీను ఆరువందలు అడిగాడు. సరేనన్నాను.

ఒక తోట పక్క షెడ్డులో ఒడిశా కూలీలు పనిచేస్తున్నారు. వాళ్లలో సావిత్రి అనే అమ్మాయితో హిందీలో మాట కలిపాను. తొడిమలు తుంచి, కాయల్ని బోర్లించి సొన కార్చడం ఆమె పని. వేళ్ల చివర చర్మం పొరలుగా ఊడిపోయి ఉంది.

"మంట పుట్టదా?" అన్నాను.

"మంట సరే దీదీ. రేషన్ మిషన్ నా వేలు పట్టడం లేదు," అంది.

వాళ్ల ఊరి కార్డు మీద ఇక్కడా బియ్యం ఇస్తారట. రెండుసార్లు వెళ్లి ఖాళీ సంచితో తిరిగొచ్చింది. బియ్యం బయట కొనాల్సి రావడంతో ఇంట్లో కూర ఒక్కపూటే వండుతున్నారు. వేలిముద్ర పడకపోతే వేరే దారి లేదా అని కనుక్కుందామని ఆమెను ఆటోలో ఎక్కించుకుని రేషన్ షాపుకి వెళ్లాను.

డీలరు విసుక్కోలేదు. "వచ్చినప్పుడల్లా నాలుగైదుసార్లు వేలు పెట్టించానండీ. సొన పనిలో ఉన్నోళ్లందరికీ ఇదే ఇబ్బంది. కార్డులో ఇంకెవరైనా ఉంటే తీసుకురమ్మన్నాను. ఆవిడకి నా మాట అర్థం కాలేదు, ఆవిడ మాట నాకు అర్థం కాలేదు."

అదే హిందీలో చెప్పాను. "మా అత్త ఉంది. షెడ్డులో వంట చేస్తుంది. కాయలు ముట్టదు," అంది సావిత్రి.

"ఉండండి మేడం, తీసుకొస్తాను," అని శ్రీను ఆటో తిప్పాడు.

పెద్దావిడ బొటనవేలు పెడితే మొదటిసారి పడలేదు. డీలరు గుడ్డతో మిషన్ అద్దం తుడిచి మళ్లీ పెట్టించాడు. ఈసారి చీటీ బయటికొచ్చింది. సావిత్రి సంచి మూతి తెరిచి పట్టుకుంది.

షెడ్డుకి తిరిగొచ్చాక పెద్దావిడ నన్ను భోజనానికి కూర్చోబెట్టింది. "మాది ఉప్పుడు బియ్యం. అన్నం రాత్రంతా నీళ్లలో నానబెట్టినా మెతుకు విడిగా ఉంటుంది. మీ బియ్యం తెల్లారేసరికి ముద్దయిపోతుంది," అంటూనే రెండోసారి వడ్డించింది.

షాపులో బియ్యం ఉంది, చేతిలో కార్డుంది, ఇచ్చే మనిషీ మంచివాడే. అయినా ఒక్క మాట అర్థం కాక ఒక ఇంటి కూర సగానికి తగ్గింది. ఇలా చేరని మాటలు ఈ తోటల మధ్య ఇంకెన్ని ఉన్నాయో అని బస్సులో చాలాసేపు ఆలోచించాను. మీరు వెళ్తే ఆటోకి వెయిటింగ్ కూడా కలిపి ముందే మాట్లాడుకోండి. అక్కడ అనుకున్నదానికంటే ఎక్కువసేపే ఉండిపోతారు.