సారు కొట్టేసిన రెండు మాటలు

మొన్న శుక్రవారం పొద్దున బస్సు బీచుపల్లిలో ఆగినప్పుడు ఫోన్ వచ్చింది, మా ఇంగ్లీషు సారు పోయారని. నేను వనపర్తి డిపోలో కండక్టర్ని. నడిమధ్యలో దిగిపోయే వీలెక్కడిది? గద్వాల దాకా కళ్లు తుడుచుకుంటూనే టికెట్లు కొట్టాను. సీటు గురించి అడిగిన పాపానికి ఒకాయన్ని కసురుకున్నాను కూడా. గద్వాలలో డ్యూటీ ఇంకొకరికి అప్పజెప్పి వనపర్తికి తిరుగు బస్సెక్కాను.

సారు గద్వాలలో మాకు పదో తరగతి చెప్పారు. తప్పు రాస్తే ఎర్రసిరాతో గీత కొట్టేవారు కాదు. పక్కన పెన్సిలుతో ‘ఇంకో మాట వెతుకు’ అని రాసేవారు. మనకేమో తెలుగులో అన్నింటికీ ధైర్యమే. సారుకు అది కుదరదు. జూరాల డ్యాం నీళ్లలోకి పైనుంచి దూకే పోరగాళ్లది డేరింగ్ అట. రేషన్ దుకాణంలో తూకం తక్కువుందని గొంతు వణుకుతూనే అడిగిన ముసలమ్మది కరేజ్ అట. “దూకేటోనికి భయం తెల్వదు. ఆమెకు తెల్సు. తెలిసీ అడిగింది,” అనేవారు.

ఏడాది చివర ప్రతి ఒక్కరి నోటుబుక్కు మొదటి పేజీలో వాళ్ల గుణానికి సరిపోయే మాట ఒకటి రాసివ్వడం సారుకు అలవాటు. నా పక్కన కూర్చునే పిల్లకు కరేజియస్ అని రాసి, నాకు బోల్డ్ అని రాశారు. నాకు అప్పటికే నోరెక్కువ. క్లాసులోనే నిలబడి కొట్లాటకు దిగాను. సారు నవ్వారు. నాకింకా భయపడే పని పడలేదని, పడినప్పుడు చూద్దామని అన్నారు.

అది పబ్లిక్ పరీక్షల్లోనే పడింది. లెక్కల పరీక్ష రోజు స్క్వాడ్ రాగానే వెనుక బెంచీలోని పెద్దింటి పిల్లాడు తన చీటీని నా కాళ్ల దగ్గరికి విసిరాడు. ఆ గదికి ఇన్విజిలేటరు మా సారే. ఆయన చూశారు. ఆయన చూడటం నేను చూశాను. స్క్వాడ్ వాళ్లు నా పేపరు లాక్కుంటుంటే ఆ చీటీ నాది కాదని మొత్తుకున్నాను. సారు కిటికీ వైపు తిరిగారు.

నా ఫలితం ఆపేస్తామన్నారు. మా నాయన సైకిళ్లు బాగుచేసేవాడు. చేసిన చదువు చాలు, పెండ్లి చేసేస్తానన్నాడు. రెండు వారాలు నేను సారును తిట్టుకోని పూట లేదు.

ఒక సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. నాయన కోప్పడితే చెంబుడు నీళ్లు తెచ్చి ఠక్కున పెట్టి, గోడకు తిరిగి నిల్చున్నాను. సారు చాప మీద కూర్చుని, పైఅధికారులకు జరిగింది జరిగినట్టు ఇంగ్లీషులో రాస్తూ, రాసింది నాయనకు తెలుగులో చెప్పసాగారు. తాను ఎందుకు మాట్లాడలేదో రాసే చోటికొచ్చి కలం ఆగింది. ప్రూడెంట్‌గా, అంటే ముందూవెనకా చూసుకుని, ఉండిపోయానని రాశారు. చూసుకుని కొట్టేశారు. హెజిటేట్ చేశానని, అంటే తటపటాయించానని రాశారు. అదీ కొట్టేశారు. నాకు కోపం పోయి, ఎప్పుడు తిరిగానో, ఆయన చేతినే చూస్తున్నాను.

నాయనకే గాబరా అయింది. “గట్లనే ఉంచుండ్రి సారూ. మీ నౌకరికి ముప్పొస్తది.”

“ఇవి నా ఇజ్జత్ కాపాడే మాటలు. పిల్లకు అక్కరకు రావు,” అన్నారు సారు. ఐ వాజ్ అఫ్రెయిడ్ అని రాసి, కింద సంతకం పెట్టారు.

నా ఫలితం వచ్చింది. సారుకు మెమో వచ్చింది, ఆ వెంటనే రాజోలికి బదిలీ. ఎవరితోనూ ఏమీ అనకుండా పెట్టె సర్దుకుని పోయారు. నా పై చదువు, ఈ నౌకరీ, అన్నీ ఆయన భయపడ్డానని ఒప్పుకున్న ఆ ఒక్క మాట మీదే నిలబడ్డాయి.

రిటైరయ్యాక వనపర్తిలో ఇల్లు కట్టుకున్నారు. తరచూ నా బస్సే ఎక్కేవారు. నేను డ్రైవరు మీద చాడీలు, మా పిల్లల అల్లరి, అన్నీ వాగేదాన్ని. టికెట్టు తీసుకుంటూ ఏదో అడగబోయినట్టు నా మొహంలోకి చూసి, బయటికి తిరిగేవారు. పెద్దతనం కదా, ఏదో మరిచిపోయారనుకునేదాన్ని.

నేను ఆ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం జుమా నమాజు అయిపోయింది. మగవాళ్లు సారును పడుకోబెట్టిన జనాజాను భుజాలకెత్తుకున్నారు. ఆడవాళ్లం లోపల ఉన్నాం. సారు భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఆయనకు ఎప్పుడూ ఒకటే రంధి బేటీ,” అంది. “ఆ పిల్ల నన్ను మాఫ్ చేసిందో లేదో అనేటోడు. అడుగరాదూ అంటే, అడగనీకి భయమైతది అనేటోడు.”

ఆయన ఆ రెండో మాట కొట్టేసినప్పుడే నా మనసులో కోపమేమీ మిగల్లేదు. దాన్ని నోటితో చెప్పాలని ఇన్నేళ్లలో నాకు ఒక్కసారైనా తోచలేదు. ఊరందరితో వాగే నోరు ఇది!

“చేసిన అమ్మా. ఎప్పుడో చేసిన,” అన్నాను.

ఆమె వీధి వైపు చూసింది. నేను లేచి గడప దాకా ఉరికాను. జనాజా అప్పటికే సందు మలుపు తిరిగింది. వెనుక నడిచేవాళ్ల తెల్ల టోపీలు మాత్రం ఎండలో ఇంకా కనబడుతున్నాయి.