పదకొండో నెల చివరి శనివారం

తండ్రి ఆబాజీ పోయాక పదకొండో నెలలో అదే చివరి శనివారం. కొంకణ తీరాన ఆ చిన్న యూదుల ప్రార్థనామందిరంలో, కొబ్బరినూనె దీపాల కింద, ఎలీషెబా మగవాళ్లను లెక్కపెట్టింది. తొమ్మిదిమంది.

పదిమంది మగవాళ్లు లేనిదే కద్దీష్ చదవరు. పోయినవారి కోసం కొడుకులు చదివే ఆ ప్రార్థనలో చావన్న మాటే ఉండదు. దేవుణ్ణి కీర్తించడం, వింటున్నవారు ఆమేన్ అనడం, అంతే. ఆబాజీకి కొడుకులు లేరు కనుక మందిరంలో ప్రార్థన నడిపే రహమిమ్ కాకా చదివేవాడు. నలభై ఏడేళ్ల ఎలీషెబా ఒక్క వారమైనా తప్పకుండా వచ్చి, మేడమీద ఆడవాళ్ల వరుసలో నిలబడి, కంఠతా వచ్చిన ఆ మాటలకు పెదవులు మాత్రం కదిపేది.

"వచ్చే శనివారం చదువుదాంలే అమ్మా," అన్నాడు రహమిమ్ కాకా.

"అప్పటికి పన్నెండో నెల పడుతుంది కాకా."

పోయాక నిండా పన్నెండు నెలల దేవుడి విచారణ పాపులకేనని వాళ్ల నమ్మకం. పన్నెండూ చదివితే తమ తండ్రి పాపి అని ఒప్పుకున్నట్టవుతుందని బిడ్డలు పదకొండుతోనే ఆపేస్తారు. చివరి కద్దీష్ ఇవాళ పొద్దు వాలేలోపు జరగాలి, లేదా జరగకుండానే పోవాలి.

ఎలీషెబా వీధిలోకి నడిచింది. సముద్రపు ఆవిరిలో ఇళ్లు నేలకానకుండా తేలుతున్నట్టున్నాయి. ఊళ్లో పదోవాడు నూనెగానుగ హసాజీ. అతను మందిరం గడప తొక్కి ముప్పై అయిదేళ్లయింది.

శనివారం విశ్రాంతి మనిషికే కాదు, ఎద్దుకు కూడా. అప్పట్లో ఒక శనివారం హసాజీ పెరట్లోంచి ఎద్దు మెడగంటలు వినిపించాయి. విశ్రాంతి దినాన గానుగ ఆడించాడని ఆబాజీ నిండు సభలో నిందవేశాడు. పన్నెండేళ్ల ఎలీషెబా గోడమీంచి చూసింది: పలుపు జారిన ఎద్దు, మెడమీద కాడి లేకుండా, కళ్లు అరమోడ్చి, నిద్రలో నడుస్తున్నట్టు, కదలని గానుగ చుట్టూ తన అరిగిన బాటలో తిరుగుతోంది. ఇంటికొచ్చి చెప్పింది. ఆడపిల్ల సాక్ష్యం చెల్లదన్నాడు తండ్రి. విచారణ జరగలేదు, వెలి మాత్రం అమలయింది.

హసాజీ ఉయ్యాలబల్ల మీద ఊగుతున్నాడు. ఆమె వచ్చిన పని చెప్పింది.

"మీ నాన్నకు పదకొండు నెలలేం సరిపోతాయే? పన్నెండూ చదివించు. ఆ మాత్రం అర్హత ఉంది ఆయనకి!"

"తిట్టుకో కాకా. తిట్టుకుంటూనే నడువు. పొద్దు వాలుతోంది."

"నోరు మాత్రం అచ్చం ఆబాజీదే." ఉయ్యాల ఆగింది. "ఎద్దొక్కటే తిరిగిందని ఆనాడు నువ్వు చెప్పావటగా?"

"చెప్పాను. ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు."

"ఇవాళ నన్ను లెక్కకి పిలవడానికొచ్చావన్నమాట." అతను టోపీ పెట్టుకున్నాడు. "వస్తా. కానీ రహమిమ్ గాడి గొంతుకి నేను ఆమేన్ అనను. చూసింది నువ్వు. చదివేదీ నువ్వే."

మందిరంలో ఆమె మెట్లెక్కలేదు, కిందనే నిలబడింది.

"పైకెళ్లమ్మా, ఇదేం పద్ధతి?" అన్నాడు రహమిమ్ కాకా.

"ఆమె పైకెళితే నేను బయటికెళతా," గడపమీద ఒక కాలు ఉంచి అన్నాడు హసాజీ. "తొమ్మిదిమందీ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ కూచోండి."

కిటికీలో వెలుగు ఎర్రబారింది. రహమిమ్ కాకా దానివంక చూశాడు, తరవాత పుస్తకం మూసి పక్కకు జరిగాడు.

"ఆ శనివారం గానుగ ఆడలేదు," అంది ఎలీషెబా అందరికీ వినబడేలా. "ఎద్దొక్కటే తిరిగింది. నేను చూశాను. నాన్న ఒప్పుకోవలసిన తప్పు, ఆయన తరఫున నేను ఒప్పుకుంటున్నాను."

హసాజీ రెండో కాలు లోపలికి పెట్టాడు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. పదకొండు నెలలు పెదవుల మీదే ఆగిన మాటలకు గొంతు వచ్చింది. గాలికి దీపాలు ఊగాయి. ఎక్కడో, చాలా దూరంలో, మెడగంటలు మోగుతున్నట్టే తోచింది ఆమెకు. మొదటి విరామం వచ్చింది. తొమ్మిదిమందీ తటపటాయించారు.

"ఆమేన్," అన్నాడు హసాజీ, మందిరం దద్దరిల్లేలా. మిగతావాళ్ల గొంతులు ఆ వెనకే కలిశాయి.