సున్నం పూయని కుండ

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం. నరసరావుపేటలో ఒక సర్కారు కచేరీలో నేను మాలీగా చేరి అప్పటికి పదకొండేళ్ళు. కచేరీ మెట్ల ముందు రెండు వరసల క్రోటన్ కుండీలు ఉండేవి. పై అధికారి ఎవరైనా వస్తున్నారంటే గుమాస్తాలకు ఫైళ్ళ బెంగ, నాకు కుండీల బెంగ. వారం ముందే ప్రతి కుండీకి ఎర్రగా జాజు పూసి, అంచు చుట్టూ బెత్తెడు వెడల్పున తెల్లటి సున్నం పట్టీ వేసేవాణ్ణి. చీమలు చేరకుండా మొక్కల మొదళ్ళలో కాస్త సున్నప్పొడి కూడా చల్లేవాణ్ణి. క్రోటన్లు మొండి జాతి. నేనేం చేసినా భరించాయి. అదంతా నా పనితనమే అనుకున్నాను.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో సలోమి టీచరు నన్ను వెతుక్కుంటూ కచేరీకి వచ్చింది. ఊరికి పడమటగా, రాళ్ళ క్వారీ దాటాక ఉన్న పేటలో ఆమె ఒక చిన్న బడి నడిపేది. ఐదు తరగతులు, ఒకే టీచరు, నలభై మందికి పైగా పిల్లలు. వాళ్ళ అమ్మానాన్నలు క్వారీలో రాళ్ళు కొట్టేవాళ్ళు, మిరపతోటల్లో కూలికి పోయేవాళ్ళు. టీచరు చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

"వెంకటయ్యన్నా, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగారు పోయినసారి వచ్చినప్పుడు మా బడికి తోట లేదని రాసిపోయారు. తోటపని కూడా చదువులో భాగమంట. మళ్ళీ వచ్చేసరికి కూడా లేకపోతే గుర్తింపు తీసేస్తారంట," అంది.

"తోట పెట్టడానికేం భాగ్యం టీచరమ్మా? నాలుగు మడులు తవ్వించండి."

"ఒకసారి వచ్చి చూడన్నా," అంది.

వెళ్ళి చూశాను. బడి ముందు జాగా అంతా నాపరాళ్ళ పరుపు. ఒక రాయి లేపి గడ్డపార వేస్తే ఖంగుమంది. కింద కూడా రాయే. మడి కాదుగదా, మెంతిగింజ నాటే వీలు కూడా లేదు. గుర్తింపు పోతే బడి పోతుంది. అక్కణ్ణించి ఊళ్ళో బడికి రెండు మైళ్ళు. అంత దూరం ఆ పిల్లల్ని ఎవరూ పంపరు, మిరపకాయల కోతకు పంపుతారు. నాకూ చదువు ఎనిమిదో క్లాసులో ఆగిపోయింది. పై క్లాసుల బడి దూరమనే మాన్పించారు. అది గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

"కుండీల్లో పెడదాం," అన్నాను.

కుండీలు కొనే స్తోమత ఎవరికుంది? ఇంటికొకటి చొప్పున పాతది ఏదైనా తెమ్మన్నాం. మూతి పగిలిన కుండలు, చిల్లుపడిన బకెట్లు, కిరసనాయిలు డబ్బాలు, ఒక కుడితి గోలెం, అన్నీ కలిపి ముప్పై రెండు వచ్చాయి. ప్రతిదానికీ అడుగున డ్రైనేజీ, అంటే నీళ్ళు పోయే బెజ్జం పెట్టి, దానిమీద పెంకు బోర్లించాను. చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు, ఇసుక కలిపి నింపాను. మా పనిలో దీన్ని పాటింగ్ మిక్చర్ అంటారు.

ముందు వరసలో పూలు, వెనక కూరగాయలు పెడదామని నా లెక్క. పూలు ఇన్‌స్పెక్టరు కంటికి, కూరలు పిల్లల కడుపుకి. దానికి దీనమ్మ అడ్డుపడింది. దీనమ్మ బడిలో పిల్లలకు మధ్యాహ్నం జావ కాచే మనిషి. యాభై ఏళ్ళు దాటిన వితంతువు, నోరు చానా పెద్దది.

"ఏందయ్యా మాలీ, కుండకో మొక్క పెడితే నలభైమందికి కూరేడ సరిపోద్ది? మా చేలో మిరప మధ్యన బంతి ఎయ్యమా? అట్నే ఎయ్యి."

"చేను వేరు, కుండీ వేరు దీనమ్మక్కా. అంత చిన్న కుండలో రెండు మొక్కలు పెడితే కొట్టుకు చస్తాయి."

"ఒక గుడిసెలో ఎనిమిదిమందిమి బతకలా?"

టీచరు నవ్వు ఆపుకుంటూ పక్కకు తిరిగింది. పందెం కాసినట్టే ఒప్పుకున్నాను. వేరు లోతుకు పోయే టమాటా, మిరప నడిమధ్యన, వేరు పైపైన ఉండే తోటకూర, మెంతి అంచున పెట్టాం. ప్రతి కుండలో ఒక పూలమొక్క, బంతో చిలకగోరింటో. గోలెంలో బచ్చలి, కాశీరత్నం ఒకే పురికొసకు పాకించాం. నెల తిరిగేసరికి నా వాదన ఓడిపోయింది. తోటకూర నీడకు మట్టి ఆరలేదు, నీళ్ళు సగమే పట్టాయి. మెంతికూర రెండు కోతలు కోసి దీనమ్మ జావలో కలిపింది. పిల్లలు బంతిపూలు చూడటానికి రోజూ పొద్దున్నే గంట కొట్టకముందే వచ్చేవాళ్ళు.

ఇన్‌స్పెక్టరు రావడానికి ఇంక నెల ఉందనగా నాలోని కచేరీ మాలీ నిద్రలేచాడు. ఆ డబ్బాలు, కుండలు చూస్తుంటే నాకు సిగ్గేసింది. ఒకటి నలుపు, ఒకటి తుప్పు, ఒకదానికి మూతి లేదు. అన్నీ ఒక్కలా కనపడాలంటే జాజు, సున్నం తప్ప దారి లేదనుకున్నాను. ఒక ఆదివారం కూర్చున్న చోటే గంపెడు సున్నం తడిపాను. పగుళ్ళన్నీ సున్నంతో పూడ్చి, అంచులకు బయటా లోపలా రెండు పూతలు వేశాను. చీమలకని మొక్కల మొదళ్ళలో సున్నప్పొడి చల్లాను. మిగిలిన సున్నపు తేట పారబోయడం ఎందుకని కుండల్లోనే పోశాను. సాయంత్రానికి వరస కచేరీ వరసలా తయారైంది.

ఒక్క కుండ మాత్రం దీనమ్మ ఇవ్వలేదు. వంట గుమ్మం పక్కన ఉండే ఆమె సొంత కుండ అది. అడుగు బీటలిచ్చింది, ఒళ్ళంతా మసి. అందులో టమాటా, బంతి, తోటకూర ఉన్నాయి.

"ముగ్గురు పిల్లలు పుట్టినప్పుడు నాకు బాలింత కాయం వండింది ఈ కుండలోనే. మా అమ్మ వండింది. దీనికి సున్నం కొట్టనియ్యను," అంది.

"ఆ మసికుండ వరసంతా చెడగొడుతుంది."

"అయితే నీ వరసలో పెట్టమాకు."

నాకు ఒళ్ళు మండింది. ఆ కుండను నేనే మోసుకెళ్ళి గోడ వెనక కనపడకుండా పెట్టాను.

రెండు వారాలకు టమాటా లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి, మధ్యన అంతా పాలిపోయింది. తర్వాత మిరప, ఆ తర్వాత బచ్చలి. బలం చాలలేదనుకుని ఎరువు దట్టించాను. ఇంకా పాలిపోయాయి. నీళ్ళు ఎక్కువయ్యాయని రెండు రోజులు మాన్పించాను. తోటకూర వడలిపోయింది. పదకొండేళ్ళ మాలీని, నాకు తెలియదు అని చెప్పడానికి నోరు రాలేదు. విత్తనం మంచిది కాదని టీచరుతో అనేశాను. ఆమె నమ్మింది. ఆ నమ్మకమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఇంక పది రోజులు ఉందనగా ఒక ఉపాయం చెప్పాను. "కచేరీ క్రోటన్లు బండిమీద తెస్తాను. ఒక్క పూట పెట్టి మళ్ళీ తీసుకుపోతాను. పెళ్ళిళ్ళకు మేం ఇచ్చేదే టీచరమ్మా."

టీచరు సరే అంది. మర్నాడు పొద్దున్నే కచేరీ గేటు దగ్గర నాకోసం నిలబడి ఉంది. రాత్రంతా నిద్రపోనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"వద్దన్నా. ఆ పూట గడుస్తది. మర్నాడు మన మొక్కలేవని పిల్లలు అడిగితే నేనేం చెప్పను? బడి ఉన్నా పోయినా మన మొక్కలే చూపిద్దాం."

ఆ సాయంత్రం బడికి వెళ్ళి, ఏం చేయాలో తోచక గోడ వెనక్కి బీడీ కాల్చుకోవడానికి పోయాను. అక్కడ దీనమ్మ కుండ ఉంది. ఆకు ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. టమాటాకు నాలుగు కాయలు, బంతికి చేతినిండా పూలు. విత్తనం అదే. మట్టి అదే. నీళ్ళు అదే బావివి. లేనిదల్లా నా సున్నం ఒక్కటే.

బీడీ పారేసి అక్కడే కూలబడ్డాను. మా పల్నాటి మట్టిలో, బావినీళ్ళలో సున్నం ముందే ఎక్కువ. దానిమీద నేను గంపెడు పోశాను. సున్నం మించితే మట్టిలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు. దీన్ని క్లోరోసిస్ అంటారని ఆ తర్వాత ఒక వ్యవసాయ డెమాన్‌స్ట్రేటరు చెప్పాడు. ఆ రోజు నాకు పేరు తెలియదు గానీ, చేసింది నేనేనని తెలిసింది.

దీనమ్మ వచ్చి నా వాలకం చూసి కంగారుపడింది. "ఏందయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"నీ కుండకు ఏం పోస్తున్నావక్కా?"

"ఏముంది, బియ్యం కడిగిన నీళ్ళు. మజ్జిగ పులిస్తే ఆ తేట. ఎందుకు?"

"మొక్కల్ని చంపింది నేనే. నా సున్నం."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంగు నడుముకు దోపి, "కూర్చుంటే ఎట్టా? లే, గీకుదాం," అంది.

టీచరు, దీనమ్మ, నేను, పిల్లలు అందరం కలిసి చెంచాలతో, పెంకులతో అంచుల సున్నం గీకాం. పైమట్టి నాలుగు వేళ్ళ లోతు తీసేసి, మాగిన ఆకుల ఎరువు నింపాం. మూలికల కొట్లో అన్నభేది తెచ్చాను. అది ఇనుప ఉప్పు, రక్తం తక్కువైన వాళ్ళకు వైద్యులు మందులో వాడతారు. బకెట్ నీళ్ళకు చిటికెడు కలిపి కుండకు చెంబెడు పోశాం. రోజు మార్చి రోజు పులిసిన మజ్జిగ తేట పోశాం. పేటలో ఎవరింట్లో మజ్జిగ పులిసినా బడికి వచ్చేది.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజుకి నాలుగు కుండలు పూర్తిగా పోయాయి. మిగిలినవాటి పాత ఆకులు పసుపుగానే ఉన్నాయి. చిగుళ్ళు మాత్రం ఆకుపచ్చగా వస్తున్నాయి. అంచులనిండా గీతలు, మచ్చలు. చూడటానికి దరిద్రంగా ఉంది. వరస మొదట్లో, అందరికంటే ముందు, దీనమ్మ తన మసికుండ తెచ్చి పెట్టుకుంది. నేను పక్క కుండలు జరిపి దానికి చోటిచ్చాను.

ఆయన ఎండకు గొడుగు వేసుకుని, ఒక్కో కుండ దగ్గర ఆగుతూ వచ్చారు. బచ్చలాకు ఒకటి వేలితో తిప్పి చూశారు.

"ఇవెందుకు ఇలా పాలిపోయాయి?"

టీచరు నావైపు చూడకుండా నేలవైపు చూసింది. నన్ను కాపాడాలనే చూడలేదని నాకు తెలుసు. ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాను.

"నా తప్పండి. నేను కచేరీ మాలీని. అందంగా ఉంటుందని సున్నం పూశాను. పిల్లల తప్పు లేదు, టీచరమ్మ తప్పు లేదు. సున్నం పూయని కుండ అదిగోనండి," అని మసికుండ చూపించాను.

ఆయన కుండను చూశారు, నన్ను చూశారు. తర్వాత ఎదురుగా నిలబడ్డ పిల్లల్ని అడిగారు, ఇప్పుడేం చేస్తున్నారని. అంతే, నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. సున్నం గీకామని ఒకరు, అన్నభేది చిటికెడే వేయాలని ఒకరు, తోటకూర నీడకు మట్టి ఆరదని ఒకరు, మా ఇంటి మజ్జిగే ఎక్కువ పులుపని ఇంకొకరు. ఆయన గొడుగు ముడిచి నాపరాయి మీద కూర్చుని అన్నీ విన్నారు. దీనమ్మ ఏమీ అడక్కుండానే తన కుండలో టమాటా కోసి, కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. అక్కడే కొరికి తిన్నారు.

వారానికి కాగితం వచ్చింది. బడిలో తోటపని సక్రమంగా జరుగుతోందని, గుర్తింపు కొనసాగించవచ్చని అందులో ఉంది. టీచరు చదివి వినిపిస్తుంటే నేను పిల్లల ముందే ఏడ్చేశాను. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత కచేరీ కుండీలకు సున్నం మానేశాను. పెద్ద గుమాస్తా రెండుసార్లు సంజాయిషీ అడిగాడు. మొక్క ఆరోగ్యం కుండీ రంగులో ఉండదండీ అని చెప్పాను. సర్వీసు మొత్తంలో నేను నేర్చుకున్నది అదే. ఒప్పుకోవడం ఆలస్యమైన ప్రతి రోజూ మొక్కకు ఒక ఆకు నష్టమని కూడా ఆ బడిలోనే తెలిసింది.

నాలుగేళ్ళకు బడికి మట్టి ఉన్న జాగా దొరికి, అక్కడికి మారింది. మారిన రోజు సాయంత్రం ఒక రాళ్ళబండి మా ఇంటి ముందు ఆగింది. బండితను గడ్డిలో చుట్టిన దీనమ్మ మసికుండను జాగ్రత్తగా దించాడు. బంతి పూసి ఉంది, టమాటా పిందెలు పట్టి ఉంది.

"మాలీకి ఇయ్యమంది," అన్నాడు. ఎడ్లను అదిలించబోతూ గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. "సున్నం మాత్తరం పుయ్యొద్దని మరీమరీ చెప్పమంది."